కిందికి దించిన జీఆర్86కి చక్రాలు, టైర్లు: కొనకముందే కొలిచి తేల్చుకునే పద్ధతి

"అన్నా, నా కారుకి 18×9.5 పడుతుందా?" 18 అంగుళాల వ్యాసం, 9.5 అంగుళాల వెడల్పున్న చక్రం గురించి ఈ ప్రశ్న నాకు వారానికోసారైనా వస్తుంది. డాలస్ చుట్టుపక్కల మన తెలుగు కుర్రాళ్లలో టయోటా జీఆర్86, సుబారు బీఆర్‌జెడ్ కొన్నవాళ్లు చాలామందే ఉన్నారు. పేర్లు వేరైనా అవి రెండూ దాదాపు ఒకే రెండు తలుపుల కారు (కూపే). స్ప్రింగులు మార్చి కారుని ఒక అంగుళం దించుతారు, ఆ తర్వాత చక్రాల మీద పడతారు. నా జవాబు ఎప్పుడూ ఒకటే: "నీ కారు కొలిచావా?"

ఇంకొకరి కారుకి పట్టిన సైజు మీ కారుకి పడుతుందన్న హామీ లేదు. వాళ్ల క్యాంబర్ (చక్రం నిలువుకి ఎంత వాలి ఉందో) వేరు, వాళ్ల బంప్ స్టాప్ (షాక్ చివర దెబ్బ ఆపే మెత్తటి దిండు) వేరు, వాళ్ల టైరు బ్రాండు వేరు. ఫొటోలో ఆగి ఉన్న కారు, గుంతలో పడినప్పుడు చక్రం ఎక్కడికి పోతుందో చెప్పదు.

పని చేయాల్సిన వరుస ఇది: ముందు ఎత్తు, తర్వాత అలైన్‌మెంట్, తర్వాత టైరు, అన్నిటికన్నా చివర చక్రం. ఎక్కువమంది దీన్ని తలకిందులుగా చేస్తారు. నచ్చిన చక్రం కొని, దానికి టైరు వెతికి, అది రాసుకుంటుంటే కారు ఎత్తు మారుస్తారు. అలా చేస్తే డబ్బు రెండుసార్లు పోతుంది.

ఇక్కడి అంకెలన్నీ 2022 నుంచి వస్తున్న రెండో తరం జీఆర్86, బీఆర్‌జెడ్‌లవి. పాత తరం కార్ల తేడా అవసరమైన చోట చెప్పాను. మీది వేరే కూపే అయితే అంకెలు మారతాయి గాని పద్ధతి ఇదే.

1. ముందుగా రాసిపెట్టుకోవాల్సిన అంకెలు

ఒక కాగితం మీద ఇవి రాసి గ్యారేజీ గోడకి అంటించుకోండి.

☐ బోల్టుల అమరిక (పీసీడీ): 5×100, అంటే 100 మి.మీ. వృత్తం మీద ఐదు బోల్టులు
☐ మధ్య రంధ్రం: 56.1 మి.మీ.
☐ నట్టు మర: ఎం12×1.25, కోను ఆకారపు సీటు
☐ కంపెనీ చక్రం: 17×7.5 +48 లేదా 18×7.5 +48 (పాత తరంలో 17×7 +48). +48 అన్నది ఆఫ్‌సెట్, 5వ భాగంలో చెబుతాను
☐ కంపెనీ టైరు: 215/45 ఆర్17 లేదా 215/40 ఆర్18

ఇందులో రెండు ఉచ్చులున్నాయి.

మొదటిది నట్టు. టయోటా కార్లలో ఎక్కువ భాగం ఎం12×1.5 మర వాడతాయి. ఈ కారు మాత్రం సుబారు మర వాడుతుంది. కౌంటర్లో "టయోటాకి నట్లు" అని అడిగితే తప్పు డబ్బా చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. చేత్తో రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటే ఆపేయండి. ఎయిర్ గన్‌తో బలవంతంగా ఎక్కిస్తే స్టడ్డు (నట్టు ఎక్కే కడ్డీ) మర పోతుంది.

రెండోది పీసీడీ. "సుబారు చక్రాలు" అని సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికేవాటిలో 2005 తర్వాతి ఎస్‌టీఐవి, 2015 తర్వాతి డబ్ల్యూఆర్ఎక్స్‌వి 5×114.3. అవి ఈ కారుకి పట్టవు. అడాప్టర్ పెట్టి పట్టించే ఆలోచన వద్దు.

2. ఎత్తు: ఎంత దించామన్నది కాదు, చక్రం ఎంత పైకి పోగలదన్నది

చాలామంది తప్పుగా అర్థం చేసుకునే విషయం ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

కారు గుంతలో పడినప్పుడు చక్రం పైకి వెళ్తుంది. ఎక్కడ ఆగుతుంది? షాక్ అబ్జార్బర్‌లోని బంప్ స్టాప్ పూర్తిగా నలిగిపోయిన చోట. ఆ చోటు స్ప్రింగుతో మారదు. కంపెనీ స్ప్రింగు ఉన్నా, 25 మి.మీ. దించే స్ప్రింగు ఉన్నా చక్రం చేరగల అత్యంత పై స్థానం ఒక్కటే. దించిన కారులో అది ఆ స్థానానికి తరచుగా చేరుతుంది, అంతే తేడా.

అయితే రెండు సందర్భాల్లో ఆ స్థానమే పైకి జరుగుతుంది. ఒకటి, స్ప్రింగుల కిట్ సూచనల ప్రకారం బంప్ స్టాప్‌ని కొంత కోసినప్పుడు. రెండు, పొట్టి షాక్‌లున్న కాయిలోవర్ (షాక్, స్ప్రింగు కలిసిన, ఎత్తు మార్చుకోగల సెట్) వేసినప్పుడు. అప్పుడు కంపెనీవాళ్లు ఊహించని చోటుకి చక్రం వెళ్తుంది. "స్ప్రింగులతో బాగానే ఉంది, కాయిలోవర్ వేశాక రాసుకుంటోంది, ఎత్తు మాత్రం అదే" అనే ఫిర్యాదుకి కారణం ఇదే.

చేయాల్సింది:

☐ రోడ్డు మీద రోజూ నడిపే కారైతే 20–30 మి.మీ. కన్నా ఎక్కువ దించకండి. అంతకు మించితే షాక్‌కి మిగిలే కదలిక తక్కువ, కారు బంప్ స్టాప్ మీదే నడుస్తుంది.
☐ ఎత్తుని నేల నుంచి కొలవకండి. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు నిలువుగా కొలవండి. టైరు మారినా ఈ కొలత మారదు.
☐ స్ప్రింగులు వేశాక రెండు మూడు వందల కిలోమీటర్లు నడిపి, అవి సర్దుకున్నాక మళ్లీ కొలవండి.
☐ నాలుగు చోట్లా రాసుకోండి. ఎడమ కుడి తేడా 5 మి.మీ. దాటితే చక్రాల సంగతి పక్కనపెట్టి ముందు అది సరిచేయండి.

3. అలైన్‌మెంట్‌ని ముందే నిర్ణయించుకోండి

చక్రాలు వేశాక అలైన్‌మెంట్ చేయించాలని అందరికీ తెలుసు. ఎంత పెట్టిస్తారో ముందే తేల్చుకోవాలన్నది మాత్రం వదిలేస్తారు. క్యాంబర్ మారితే టైరు పై అంచు ఉండే చోటే మారిపోతుంది.

లెక్క ఇది. కంపెనీ టైరు సగం ఎత్తు సుమారు 315 మి.మీ. ఒక డిగ్రీ నెగటివ్ క్యాంబర్ పెంచితే టైరు పై అంచు లోపలికి సుమారు 5.5 మి.మీ. జరుగుతుంది. రెండు డిగ్రీలైతే 11 మి.మీ. ఫెండర్‌కి రాసుకునే టైరుకీ రాసుకోని టైరుకీ మధ్య తేడా చాలాసార్లు అంతే ఉంటుంది.

ముందు చక్రాల దగ్గర ఒక మెలిక ఉంది. ఈ కారుకి ముందువైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది, అంటే షాక్, స్ప్రింగు కలిసి చక్రాన్ని పట్టి ఉంచే నిలువు కాలు. క్యాంబర్ పెంచే దారులు రెండు.

క్యాంబర్ బోల్టు: స్ట్రట్ కింద, చక్రం పట్టుకునే చోట పడుతుంది. చక్రం స్ట్రట్ వైపు వాలుతుంది. బయట ఫెండర్ దగ్గర చోటు పెరుగుతుంది గాని లోపల స్ట్రట్‌కీ టైరుకీ మధ్య చోటు తగ్గుతుంది.

క్యాంబర్ ప్లేటు: స్ట్రట్ పైభాగాన పడుతుంది. స్ట్రట్, చక్రం కలిసి వాలతాయి. వాటి మధ్య చోటు మారదు.

అందుకే వెడల్పు చక్రం వేయాలనుకునేవాళ్లకి ప్లేటే మేలు. ఖర్చు ఎక్కువ, శబ్దం కాస్త పెరుగుతుంది, అయినా నా ఓటు దానికే.

రోజూ తిరిగే కారుకి నేను పెట్టించే అంకెలు: క్యాంబర్ ముందు −1.5 నుంచి −2 డిగ్రీలు, వెనక కూడా దాదాపు అంతే. టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో) ముందు సున్నా, వెనక కొద్దిగా లోపలికి. వెనక క్యాంబర్‌ని మార్చే ఏర్పాటు కంపెనీ ఇవ్వలేదు. దించాక వచ్చింది ఎక్కువైతే మార్చుకోగల వెనక కింది ఆర్ములు కొనాలి.

టైరు లోపలి అంచు త్వరగా అరిగితే అందరూ క్యాంబర్‌ని తిడతారు. ఎక్కువసార్లు అసలు దోషి టో. కారుని దించగానే టో మారిపోతుంది. దాన్ని సరిచేయకుండా కొత్త టైర్లు వేయకండి.

4. టైరు ఎంపిక

చక్రం కన్నా టైరు ముందు. చక్రం వెడల్పుని నిర్ణయించేది టైరే.

ఎత్తు లెక్క సులువు: టైరు వెడల్పుని సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) శాతంతో గుణించి, రెండింతలు చేసి, రిమ్ము వ్యాసం కలపాలి. ఒక అంగుళం 25.4 మి.మీ.

215/40 ఆర్18కి: 215 × 0.40 = 86. రెండింతలు 172. రిమ్ము 18 × 25.4 = 457.2. మొత్తం 629.2 మి.మీ.

ఈ కారుకి జనం అడిగే సైజులు ఇలా వస్తాయి:

215/45 ఆర్17 — 625.3
225/45 ఆర్17 — 634.3
245/40 ఆర్17 — 627.8
255/40 ఆర్17 — 635.8
225/40 ఆర్18 — 637.2
235/40 ఆర్18 — 645.2
245/35 ఆర్18 — 628.7
255/35 ఆర్18 — 635.7

దించని కారుకి రెండు మూడు శాతం తేడా ఫర్వాలేదు. దించిన కారుకి ప్రతి మిల్లీమీటరూ లెక్కే. 235/40 ఆర్18 కంపెనీ టైరు కన్నా 16 మి.మీ. ఎత్తు. అందులో సగం, అంటే 8 మి.మీ., చక్రం పైనున్న ఖాళీలోంచి పోతుంది. డబ్బుపెట్టి 25 మి.మీ. దించి, మళ్లీ 8 మి.మీ. లేపుకోవడం ఎందుకు? పైగా రాపిడి.

నా సలహా 225/40 ఆర్18 లేదా 245/40 ఆర్17. రెండిటిలో ఒకటి అంటే 17. డాలస్ చుట్టూ కాంక్రీటు రోడ్ల అతుకులు, ఎండకి పగిలిన చోట్లు చూశాక చెబుతున్నాను. 245/40 ఆర్17 సైడ్‌వాల్ 98 మి.మీ., 245/35 ఆర్18ది సుమారు 86. దించిన కారులో షాక్ కదలిక ఎలాగూ తగ్గింది, మిగతా దెబ్బ టైరే తినాలి. ఆ 12 మి.మీ. రబ్బరు రిమ్ముని కాపాడుతుంది. టైరు ధర కూడా చాలాసార్లు తక్కువే.

టైరు కొనేముందు:

☐ ఆ టైరుకి కంపెనీ అనుమతించిన రిమ్ము వెడల్పు చూడండి. 225/40 ఆర్18కి సాధారణంగా 7.5 నుంచి 9 అంగుళాలు, 245/40 ఆర్17కి 8 నుంచి 9.5.
☐ అసలు వెడల్పు చూడండి. ఒకే 245 అయినా బ్రాండుని బట్టి కొన్ని మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. రిమ్ము అర అంగుళం పెరిగితే టైరు సుమారు 5 మి.మీ. వెడల్పవుతుంది.
☐ బరువు సంఖ్య కంపెనీ టైరు కన్నా తగ్గకూడదు. 215/40 ఆర్18 మీద 85 ఉంటుంది, అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోయగలదు. 17 అంగుళాల కంపెనీ టైరుది 87, అంటే 545 కిలోలు.
☐ నాలుగూ ఒకే సైజు తీసుకోండి. ముందువి వెనక్కి మార్చుకుంటే టైర్లు ఎక్కువకాలం వస్తాయి.

సన్నటి టైరుని వెడల్పు రిమ్ము మీద సాగదీసి ఎక్కించడం మీద నాకు స్పష్టమైన అభిప్రాయం ఉంది: వద్దు. గుంతలో పడినప్పుడు టైరు అంచు రిమ్ము నుంచి జారే ప్రమాదం ఉంది. రిమ్ముకి రక్షణా ఉండదు.

5. ఆఫ్‌సెట్ లెక్క

ఆఫ్‌సెట్ అంటే చక్రం హబ్‌కి (చక్రం బిగించే మధ్య భాగానికి) ఆనే తలం, చక్రం నడిమి గీత నుంచి ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె. ప్లస్ అంకె పెరిగితే చక్రం లోపలికి వెళ్తుంది, తగ్గితే బయటికి వస్తుంది.

రెండు సూత్రాలు చాలు:

లోపలి అంచు = (వెడల్పులో సగం) + ఆఫ్‌సెట్
బయటి అంచు = (వెడల్పులో సగం) − ఆఫ్‌సెట్

కంపెనీ 18×7.5 +48: వెడల్పు 190.5, సగం 95.25. లోపలి అంచు 143.25, బయటి అంచు 47.25.

కొత్త 18×8.5 +45: వెడల్పు 215.9, సగం 107.95. లోపలి అంచు 152.95, బయటి అంచు 62.95.

అంటే రిమ్ము లోపలికి 9.7 మి.మీ., బయటికి 15.7 మి.మీ. ఎక్కువ వెళ్తుంది.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. రిమ్ము లెక్క చేసి ఆగిపోతారు. ఫెండర్‌కి రాసుకునేది ఎక్కువగా టైరు, రిమ్ము కాదు. టైరు లెక్క విడిగా చేయాలి. 7.5 రిమ్ము మీద 215 టైరుని సుమారు 215 అనుకుందాం. 225 టైరు వెడల్పుని 8 అంగుళాల రిమ్ము మీద కొలుస్తారు కాబట్టి 8.5 మీద సుమారు 230 అవుతుంది. 15 మి.మీ. పెరిగింది, చెరోవైపు 7.5. ఆఫ్‌సెట్ 48 నుంచి 45కి తగ్గింది కాబట్టి అంతా 3 మి.మీ. బయటికి జరిగింది. ఫలితం: టైరు లోపలికి 4.5, బయటికి 10.5 మి.మీ.

రిమ్ము అంచుకి ఒక లెక్క, టైరుకి ఒక లెక్క. రెండూ కాగితం మీద ఉంటేనే తర్వాతి పని.

ఇదే పద్ధతిలో అందరూ అడిగే 18×9.5 +40 చూడండి. రిమ్ము లోపలికి 17.4, బయటికి 33.4 మి.మీ. ఆ 33 మి.మీ. చూశాక "పడుతుందా?" అన్న ప్రశ్న దానంతటదే మారుతుంది. ఫెండర్ అంచు మడిచి, క్యాంబర్ −2.5 దాకా పెట్టి, టైరుని జాగ్రత్తగా ఎంచుకుంటే పట్టించవచ్చు. మామూలు స్ప్రింగులతో, కంపెనీ క్యాంబర్‌తో, రోజూ ఆఫీసుకి వెళ్లే కారుకి మాత్రం అది సరైన చక్రం కాదు.

6. కారు మీద కొలవడం

ఈ భాగానికి ఒక ఆదివారం మొత్తం కేటాయించండి.

కావాల్సినవి:

☐ జాకీ, రెండు జాక్ స్టాండులు
☐ స్టీలు స్కేలు, పొడవాటి నిటారు పట్టీ
☐ పిల్లలు ఆడుకునే క్లే
☐ నాలుగు ప్లాస్టిక్ జిప్ టైలు
☐ టార్క్ రెంచ్
☐ పక్కన ఇంకో మనిషి

జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కింద చేయి కూడా పెట్టకండి. జాక్ స్టాండు పడ్డాకే పని మొదలు.

పద్ధతి ఒకటి, కచ్చితమైనది. స్ట్రట్‌ని బయటకి తీసి, స్ప్రింగు తొలగించి, షాక్‌నీ బంప్ స్టాప్‌నీ మాత్రం తిరిగి బిగిస్తారు. చక్రం వేసి, కింద జాకీ పెట్టి బంప్ స్టాప్ నలిగేదాకా లేపుతారు. చక్రం చేరగల ఆఖరి స్థానం కళ్లముందే కనిపిస్తుంది. స్ప్రింగు తీయడం ప్రమాదకరమైన పని. స్ప్రింగు కంప్రెసర్ వాడిన అనుభవం లేకపోతే మెకానిక్‌తో చేయించండి. స్ప్రింగులు మార్పించే రోజునే ఈ కొలతలు కూడా తీయమని అడిగితే అదనపు కూలీ పెద్దగా పడదు.

పద్ధతి రెండు, ఇంటి దగ్గర చేసుకోగలిగేది. షాక్ కడ్డీకి, దుమ్ము తొడుగు పైకి జరిపి, ఒక జిప్ టై బిగుతుగా కట్టి కిందికి తోయండి. ఫెండర్ లోపలి అంచుకీ ప్లాస్టిక్ లైనర్‌కీ (ఫెండర్ లోపలి తొడుగుకి) వేలి మందాన క్లే అంటించండి. ఇద్దరు మనుషుల్ని ఎక్కించుకుని, మీకు తెలిసిన ఎగుడుదిగుడు రోడ్డు మీద ఇరవై నిమిషాలు నడపండి. వేగంతో పనిలేదు, గుంతలు ముఖ్యం. తిరిగొచ్చాక జిప్ టై ఎంత జరిగిందో చూస్తే షాక్ ఎంత నలిగిందో తెలుస్తుంది. క్లే మీద ముద్ర ఉంటే టైరు అక్కడికి వచ్చినట్టే.

ఏ పద్ధతైనా, కంపెనీ చక్రం మీద ఈ చోట్లు కొలిచి రాసుకోండి:

అ. ముందు లోపల: టైరు సైడ్‌వాల్‌కీ స్ట్రట్‌కీ మధ్య, రిమ్ము అంచుకీ స్ట్రట్‌కీ మధ్య. కాయిలోవర్ ఉంటే స్ప్రింగు కింది పళ్లెం ఎక్కడుందో చూడండి, టైరు పక్కకి దిగి ఉండవచ్చు.

ఆ. ముందు బయట: టైరు భుజం నుంచి ఫెండర్ అంచు వరకు.

ఇ. స్టీరింగ్ ఒక చివరి నుంచి ఇంకో చివరికి తిప్పి, టైరు ముందు, వెనక లైనర్‌కి ఎంత దగ్గరగా వస్తోందో చూడండి.

ఈ. వెనక బయట: ఫెండర్ లోపలి మడత అంచు. వెనక లోపల ఈ కారుకి చోటు బాగానే ఉంటుంది, సమస్య బయటే.

ఇక తీసివేత. ఉదాహరణకి ముందు లోపల టైరుకీ స్ట్రట్‌కీ మధ్య మీకు 14 మి.మీ. వచ్చిందనుకోండి. 18×8.5 +45, 225 టైరుతో లోపలికి 4.5 వెళ్తుంది. మిగిలేది 9.5. సరిపోతుంది. క్యాంబర్ బోల్టుతో ఒక డిగ్రీ వాల్చాలనుకుంటే అందులోంచి ఇంకొంత పోతుంది, అదీ తీసేయండి.

ఎంత మిగలాలి? స్ట్రట్ దగ్గర 5 మి.మీ. చాలు, ఎందుకంటే స్ట్రట్ కింది భాగం, చక్రం కలిసే కదులుతాయి. ఫెండర్ దగ్గర మాత్రం చక్రం పూర్తిగా లేచిన స్థితిలో 8–10 మి.మీ. ఉంచుకోండి. మలుపులో టైరు పక్కకి వంగుతుంది, బుష్‌లు సాగుతాయి.

7. నా ఎంపికలు

ఇవి మొదలుపెట్టడానికి మాత్రమే. మీ కొలతలే అంతిమం.

18×8.5 +45, 225/40 ఆర్18: 25 మి.మీ. దించిన, రోజూ తిరిగే కారుకి. ముందు −1.5 క్యాంబర్‌తో ఫెండర్ జోలికి పోకుండా పట్టే అవకాశం ఎక్కువ. మొదటిసారి చక్రాలు కొంటున్నవాళ్లకి ఇదే చెబుతాను.

17×9 +42 లేదా +45, 245/40 ఆర్17: అప్పుడప్పుడు ట్రాక్‌కి తీసుకెళ్లేవాళ్లకి. ముందు −2 దాకా క్యాంబర్ కావాలి. +45 ఫెండర్‌కి మంచిది, +42 స్ట్రట్‌కి మంచిది. మీ కొలతల్లో ఏది ఇరుకుగా ఉంటే దాన్ని బట్టి ఎంచుకోండి.

8. చక్రం కొనేటప్పుడు

చక్రం వెనక జేడబ్ల్యూఎల్, వీఐఏ ముద్రలు వెతకండి. మొదటిది జపాన్ అల్లాయ్ చక్రాల ప్రమాణం, రెండోది దానికి స్వతంత్ర పరీక్ష జరిగిందని చెప్పే గుర్తు. ఒక్కో చక్రం ఎంత బరువు మోయగలదో కూడా రాసి ఉండాలి. పేరున్న డిజైన్‌ని పోలిన నకళ్లు సగం ధరకి దొరుకుతాయి. ప్రాణం మోసే వస్తువు విషయంలో ఆ బేరం వద్దు.

బయటి చక్రాల మధ్య రంధ్రం తరచుగా 73.1 మి.మీ. ఉంటుంది. ఈ కారు హబ్ 56.1. మధ్యలో 73.1 నుంచి 56.1 హబ్ రింగులు వేయాలి.

2024 నుంచి జీఆర్86కి బ్రెంబో బ్రేకులతో పర్ఫార్మెన్స్ ప్యాకేజీ వచ్చింది. మీ కారు అదైతే ప్రతి 17 అంగుళాల చక్రమూ కాలిపర్ (బ్రేకు డిస్కుని పట్టే భాగం) మీదుగా పట్టదు. అమ్మేవాళ్లని కాలిపర్ నమూనా పటం అడిగి, కాగితం మీద కత్తిరించి చక్రం లోపల పెట్టి చూడండి.

స్పేసర్‌ని (హబ్‌కీ చక్రానికీ మధ్య పెట్టే బిళ్లని) ప్లాన్‌లో భాగం చేసుకోకండి. తప్పక వేస్తే నట్టు ఎన్ని చుట్లు ఎక్కుతోందో లెక్కపెట్టండి. 12 మి.మీ. స్టడ్డుకి కనీసం అంత పొడవు మర పట్టాలి. 1.25 మరలో అది దాదాపు 10 చుట్లు. తక్కువైతే పొడవు స్టడ్లు వేయించాల్సిందే.

9. బిగించే రోజు

ఈ వరుస తప్పకండి. టైరు ఎక్కించిన చక్రాన్ని చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు.

☐ టైరు లేకుండా ఖాళీ చక్రాన్ని ముందు, వెనక వేసి చూడండి. చేత్తో తిప్పండి. కాలిపర్‌కి, స్ట్రట్‌కి తగలకూడదు.
☐ ఒక్క చక్రానికే టైరు ఎక్కించి, ముందువైపు రెండు పక్కలా వేసి స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూడండి.
☐ బాగుంటే మిగతా మూడూ ఎక్కించండి. గాలి ఒత్తిడి సెన్సార్లు పాతవి మార్చుకోండి లేదా కొత్తవి కొని కారుకి పరిచయం చేయించండి. అమెరికాలో 2008 మోడల్ నుంచి కార్లన్నిటికీ ఇవి తప్పనిసరి.
☐ హబ్ మీద తుప్పు వైరు బ్రష్‌తో తీసి, హబ్ రింగు వేసి, నట్లు చేత్తో ఎక్కించండి. నక్షత్రం వరుసలో, టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లకి బిగించండి.
☐ అదే రోజు లేదా మర్నాడు అలైన్‌మెంట్.

నా మొదటి సెట్ బిగించిన దుకాణంలో ఎయిర్ గన్‌తో నట్లు కొట్టేశారు. ఇంటికొచ్చి విప్పబోతే ఒక స్టడ్డు తెగింది. అప్పటి నుంచి ఆఖరి బిగింపు నేనే చేస్తాను. మీరు కూడా దుకాణంలో నిలబడి టార్క్ రెంచ్ వాడమని అడగండి. మొహమాటం అక్కర్లేదు.

10. రాసుకుంటే ఏం చేయాలి

ముందు ఎక్కడ, ఎప్పుడు రాసుకుంటోందో పట్టుకోండి. లైనర్ మీద మెరిసే గీత, టైరు మీద గీరిన గుర్తు మీకు చోటు చూపిస్తాయి.

స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు, పార్కింగ్‌లో మాత్రమే: లైనర్‌కి తగులుతోంది. హీట్ గన్‌తో మెత్తబరిచి వెనక్కి నొక్కండి. చిన్న పని.

వెనక మనుషులు ఎక్కినప్పుడు గుంతలో టక్కుమంటే: వెనక ఫెండర్ మడత. రంగు పగలకుండా వేడి చేసి మడవగలిగినవాళ్లతో మడిపించండి. అది వద్దనుకుంటే కారు ఎత్తు కొంచెం పెంచండి, లేదా పొట్టి టైరు వేయండి.

ఎప్పుడూ సన్నగా గీరుతున్న శబ్దం: స్ట్రట్‌కి టైరు తగులుతోంది. కారు వెంటనే ఆపండి. సైడ్‌వాల్ కోసుకుపోతుంది, ఇది వాయిదా వేసే విషయం కాదు. క్యాంబర్ బోల్టు తీసి ప్లేటు వేయడం అసలు మందు.

హైవే మీద స్టీరింగ్ వణుకు: బ్యాలెన్సింగ్ కన్నా ముందు హబ్ రింగులు ఉన్నాయో లేదో చూడండి. టైరు మార్చినప్పుడు అవి దుకాణం నేల మీదే మిగిలిపోవడం మామూలు.

ట్రాక్షన్ లైటు వెలగడం: ముందు వెనక టైర్ల ఎత్తులు వేరుగా ఉన్నాయేమో లెక్క చూడండి.

11. మన దగ్గర ఉన్నవాళ్లకి ఒక మాట

హైదరాబాద్, విజయవాడ నుంచి వేరే కార్ల గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. కొలిచే పద్ధతి అదే, చట్టం వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే నొక్కి చెప్పింది. అందుకే అక్కడ ఆ కారు పై మోడల్‌కి కంపెనీ ఇచ్చే సైజు దాటకపోవడం క్షేమం. ఇక్కడైనా అక్కడైనా ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పు సంగతి ముందే చెప్పండి.

12. మొదటి నెల

☐ 80–100 కిలోమీటర్ల తర్వాత నట్లన్నీ మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడండి. కొత్త చక్రాల సీటు సర్దుకుని నట్లు కొంత వదులవుతాయి.
☐ వారానికోసారి చల్లటి టైర్లలో గాలి చూడండి. తలుపు దగ్గరి స్టిక్కర్ అంకెతో మొదలుపెట్టండి.
☐ రెండు వారాలకోసారి చక్రం వెనక టార్చి వేసి, స్ట్రట్ మీద, సైడ్‌వాల్ లోపలివైపు గీతలున్నాయేమో చూడండి. బయట నుంచి కనిపించని చోటు అదే.
☐ నెల చివర టైరు లోపలి, మధ్య, బయటి గాడుల లోతు కొలిచి రాసుకోండి. లోపలిది ముందే తగ్గుతుంటే టో మళ్లీ చూపించండి.